మధ్యాహ్నం భోజనం అయ్యాకే రైలెక్కు

చిన్నీ,

నువ్వు పంపిన ఇటలీ ప్లాన్ చూశాను. పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్లు పెట్టావు. ఊరికో రాత్రి, పొద్దున లేస్తే మళ్లీ రైలు. అందులో రెండు రోజులైతే మధ్యాహ్నం పన్నెండున్నరకి రైలు రాసుకున్నావు. తిండి కోసమే వెళ్తున్నానని మీ అమ్మకు చెప్పి, ఊరంతా భోజనానికి కూర్చునే వేళకి నువ్వు రైల్లో చల్లారిన శాండ్‌విచ్ తింటూ ఉంటానంటే ఎలా?

అక్కడ చాలా హోటళ్లలో మధ్యాహ్నం వంట పన్నెండున్నర నుంచి రెండు, రెండున్నర దాకానే. తర్వాత స్టవ్ ఆపేస్తారు. మళ్లీ రాత్రి ఏడున్నరకి గానీ మొదలుపెట్టరు. నాలుగింటికి ఆకలేస్తే దొరికేది టూరిస్టుల కోసం ఫొటోల మెనూ పెట్టుకున్న చోట్లే. అందుకని ఊరు మారే రోజు మధ్యాహ్నం మూడుకీ ఆరుకీ మధ్య రైలెక్కు. పొద్దున హాస్టల్ ఖాళీ చేసి బ్యాగు అక్కడే పెట్టమని అడుగు, ఎవరూ కాదనరు. మార్కెట్ తిరిగి, తీరిగ్గా భోంచేసి, బ్యాగు తీసుకుని స్టేషన్‌కి వెళ్లు. కొత్త ఊళ్లో దిగి స్నానం చేసేసరికి రాత్రి భోజనం వేళ అవుతుంది. వీకెండ్ కాని రోజుల్లో మధ్యాహ్నం పూట ఆఫీసుల వాళ్ల కోసం తక్కువ ధరకి భోజనం పెట్టే చోట్లు చాలా ఉంటాయి. రాత్రి అదే హోటల్లో అదే వంటకానికి ఎక్కువ పెట్టాలి. కాబట్టి పెద్ద భోజనం మధ్యాహ్నమే చెయ్యి, రాత్రికి పిజ్జా ముక్క చాలు.

ఇక ఊళ్లు. నన్నడిగితే బొలోన్యాలో నాలుగు రాత్రులు, రోమ్‌లో రెండు, నేపుల్స్‌లో మూడు, సిసిలీ దీవిలోని పాలెర్మోలో రెండు. రోమ్‌కి రెండేనా అంటావు. రోమ్‌కి ఎలాగూ ఎవరో ఒకరితో మళ్లీ వెళ్తావు. బొలోన్యాకి మాత్రం ఎవరూ పట్టుబట్టి తీసుకెళ్లరు.

జర్మనీలోని మ్యూనిక్ నుంచి ఆల్ప్స్ కొండల్లో బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీలోని వెరోనా వెళ్లే బండి ఎక్కు, విమానం వద్దు. ఇన్స్‌బ్రుక్ దాటాక కొండలు చూస్తూ వెళ్లొచ్చు. కొన్ని బళ్లు నేరుగా బొలోన్యా దాకా వెళ్తాయి, లేకపోతే వెరోనాలో మారాలి. వీసా గొడవ నీకు లేదు కానీ పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరుంచుకో. హాస్టల్లో తప్పకుండా అడుగుతారు. సిటీ ట్యాక్స్ అని రాత్రికి ఇంతని విడిగా వసూలు చేస్తారు, మోసమేమో అనుకోకు.

బొలోన్యా ఎందుకంటే, అక్కడ మకాం పెడితే బ్యాగు మోయకుండా రోజుకో ఊరు వెళ్లి రావచ్చు. మోదెనా అరగంట లోపే. పార్మా గంట ప్రయాణం. ఫెర్రారా కూడా దగ్గరే, అక్కడ గుమ్మడికాయ పెట్టిన పాస్తా తిను, కాస్త తియ్యగా ఉంటుంది, నీకు నచ్చుతుంది. రవెన్నా గంట పైన పడుతుంది, అయినా వెళ్లు. అయిదు, ఆరు శతాబ్దాల నాటి మొజాయిక్‌లు (చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు) అక్కడి చర్చిల లోపలి గోడలకీ గుమ్మటాలకీ ఇప్పటికీ మెరుస్తుంటాయి. ఇవన్నీ రెజొనాలె అనే బళ్లు, మన ప్యాసింజర్ లాంటివి. సీటు నంబరు ఉండదు, రేటు మారదు. నెల ముందు కొన్నా, పది నిమిషాల ముందు కొన్నా అదే ధర. కాబట్టి వీటికి ముందే టికెట్లు కొని చేతులు కట్టేసుకోకు. వాన పడితే ఊరు మార్చుకోవచ్చు, నిద్ర పట్టేస్తే తర్వాతి బండి ఎక్కొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈ బళ్ల కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకున్నాకే ఎక్కాలి. ఫోన్‌లో కొంటే రైలెక్కే ముందు చెక్-ఇన్ అయిందో లేదో చూసుకో. డబ్బులు కట్టి కొన్న టికెట్టే అయినా, ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. టూరిస్టునని ఏడిస్తే వదిలేస్తారని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట నమ్మకు.

ఫ్రెచ్చారోస్సా, ఇతాలో అనే ఫాస్ట్ బళ్ల సంగతి వేరు. గంటకి మూడొందల కిలోమీటర్ల దాకా పోతాయి, సీటు నంబరు ఉంటుంది, రోజులు దగ్గర పడేకొద్దీ రేటు పెరుగుతుంది. చౌక టికెట్ ఆ ఒక్క బండికే చెల్లుతుంది. తప్పిపోతే డబ్బు పోయినట్టే. పైగా రెండూ వేర్వేరు కంపెనీలు, ఒకదాని టికెట్‌తో ఇంకోదాంట్లో ఎక్కలేవు. బొలోన్యా నుంచి రోమ్‌కి ఇలాంటి బండి ముందే కొనుక్కో, రెండు గంటల చిల్లరలో దిగుతావు. రోమ్ నుంచి నేపుల్స్‌కి ఫాస్ట్ బండి గంటా పది నిమిషాలే. కానీ తొందర లేకపోతే ఫోర్మియా మీదుగా వెళ్లే రెజొనాలె ఎక్కు. రెండున్నర, మూడు గంటలు పడుతుంది, మధ్యలో సముద్రం కనిపిస్తుంది, డబ్బు కూడా మిగులుతుంది. యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి కలిపి అమ్మే ఇంటర్‌రైల్ పాస్ కొననా అని అడిగావు కదా, వద్దు. ఇటలీలో రెజొనాలె బళ్లు అసలే చౌక, ఫాస్ట్ బళ్లకేమో పాస్ ఉన్నా సీటుకి విడిగా కట్టాలి.

స్టేషన్లో బోర్డు మీద పార్తెన్‌జె అంటే బయల్దేరేవి, అర్రీవి అంటే వచ్చేవి, బినారియో అంటే ప్లాట్‌ఫాం, రితార్దో అంటే లేటు. బోర్డు మీద చివరి స్టేషన్ పేరే ఉంటుంది, నువ్వు దిగే ఊరు ఉండకపోవచ్చు. అందుకని బండి నంబరు గుర్తుపెట్టుకో. బొలోన్యా స్టేషన్ మాత్రం కాస్త తికమక. ఫాస్ట్ బళ్లు నేల కింద 16 నుంచి 19 ప్లాట్‌ఫాంల మీద ఆగుతాయి, అక్కడికి దిగడానికే పది నిమిషాలు పడుతుంది. పైన మళ్లీ 1 వేరు, 1 ఓవెస్ట్, అంటే పడమర 1, వేరు. బయట గోడ మీద ఒక గడియారం 10:25 దగ్గర ఆగిపోయి ఉంటుంది. చెడిపోయింది కాదు. 1980 ఆగస్టు 2న ఆ వేళకి వెయిటింగ్ హాల్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. అందుకే దాన్ని అలాగే ఉంచారు. రైలుకి టైం ఉంటే లోపల పేర్లు చెక్కిన రాయి కూడా చూడు.

సమ్మెలు మామూలే. షోపెరో అన్న మాట కనిపిస్తే ఆ తేదీ రాసుకో. ముందే ప్రకటిస్తారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. వారపు రోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రెజొనాలె బళ్లు తప్పనిసరిగా నడుపుతారు.

ఇప్పుడు అసలు సంగతి, తిండి. నువ్వు కోడి, మేక, చేప తింటావు, బీఫ్, పోర్క్ తినవు. ఇటలీలో ఇది వెజిటేరియన్‌గా ఉండటం కంటే కష్టం. వెజిటేరియన్ అంటే వాళ్లకు అర్థమవుతుంది, నీ లెక్క అర్థం కాదు. పోర్క్ ఎక్కడెక్కడో దూరి ఉంటుంది. గ్వాన్‌చాలె, పాన్‌చెత్తా, స్పెక్, ప్రొషూత్తో, మొర్తదెల్లా, సల్‌సిచ్చా, ఇవన్నీ సాధారణంగా పోర్కే. స్త్రూత్తో అంటే పంది కొవ్వు, కొన్ని రొట్టెల పిండిలోనూ, కన్నోలి అనే మిఠాయి పైపెంకులోనూ కలుపుతారు. మాన్‌జో బీఫ్, వితెల్లో దూడ మాంసం. "మాంసం లేకుండా" అంటే హామ్ ముక్కలు వేసి తెచ్చేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ వాక్యం కాగితం మీద రాసుకుని చూపించు: నోన్ మాంజో నె మాన్‌జో నె మయాలె. బీఫ్, పోర్క్ రెండూ తినను అని. పలకడం తేడా వస్తే నవ్వుతారు, నవ్వితే మంచిగానే వడ్డిస్తారు. ఇంకో సంగతి, పార్మిజానో జున్ను తోడుపెట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. తినాలా వద్దా నీ ఇష్టం. మీ అమ్మకి డబ్బా తెస్తానన్నావు కదా, ఆవిడకి ఈ విషయం ముందే చెప్పి తీసుకురా.

బొలోన్యాలో పేరున్న రాగు సాస్‌లో బీఫ్, పోర్క్ ఉంటాయి, తొర్తెల్లీని అనే చిన్న పాస్తా పొట్లాల లోపల పోర్క్ ఉంటుంది. దిగులు పడకు, అలాంటివే కాస్త పెద్దవి తొర్తెల్లోని అని ఉంటాయి, అవి అడుగు. లోపల రికోత్తా జున్ను, పైన వెన్న, సేజ్ ఆకు. అంత తక్కువ సరుకుతో అంత రుచి ఎలా వస్తుందా అనిపిస్తుంది. తిన్నది అరగాలంటే సాన్ లూకా కొండ గుడికి నడువు. దాదాపు నాలుగు కిలోమీటర్లు, 666 కమానుల కింద, వానొచ్చినా తడవవు.

రోమ్‌లో కాచో ఎ పెపె తిను. పెకొరీనో జున్ను, మిరియాలు, పాస్తా, అంతే. కార్బొనారా, అమత్రిచానా పాస్తాలు నీకు పనికిరావు, రెండింట్లోనూ గ్వాన్‌చాలె ఉంటుంది. పిజ్జా అల్ తాల్యో షాపుల్లో పిజ్జా తూకానికి అమ్ముతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంతే కోసి ఇస్తారు. బంగాళదుంప వేసింది అడుగు. నీళ్ల సీసాలు కొనకు. వీధుల్లో నజోని అనే ఇనుప కుళాయిలు ఎప్పుడూ పారుతుంటాయి, మంచినీళ్లే.

నేపుల్స్‌లో పిజ్జా గురించి నేను చెప్పాల్సింది లేదు. 2017లో అక్కడి పిజ్జా చేసే పనితనాన్ని యునెస్కో గుర్తించింది కూడా. ఒకసారి మాత్రం మరినారా తిను, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, జున్ను ఉండదు. పిజ్జా మాస్టర్ పనితనం అందులోనే తెలుస్తుంది. తలుపు దగ్గర జనం ఉంటే లోపలికెళ్లి పేరు రాయించి బయట నిలబడు. వేచి ఉండే ఓపిక లేకపోతే నాలుగు మడతలు పెట్టి కాగితంలో ఇచ్చే పిజ్జా ఉంటుంది, చౌక, నడుస్తూ తినొచ్చు. కారం లేక నోరు చప్పబడితే ఓల్యో పిక్కాంతె అడుగు, మిరపకాయ నూనె ఇస్తారు. అయినా పచ్చడి సీసా తీసుకెళ్తానంటావు, తీసుకెళ్లు, కానీ హోటల్ బల్ల మీద తీయకు.

నేపుల్స్ నుంచి పాలెర్మో వెళ్లే రోజుకి మాత్రం మూడు దాటాకే రైలెక్కాలన్న నా రూలు పనికిరాదు. పగలంతా రైల్లోనే. విల్లా సాన్ జొవాన్ని దగ్గర రైలు పెట్టెలు విడదీసి, పట్టాల మీద నుంచి అలాగే ఓడలోకి తోస్తారు. సముద్రం దాటి మెస్సీనాలో మళ్లీ కలుపుతారు. దాటేది అరగంటే, ఎక్కించి దింపడానికే ఎక్కువ సేపు. ఓడ మీద ఉన్నప్పుడు బోగీ దిగి పైకి వెళ్లొచ్చు. అందరూ అరంచీని తింటుంటారు, అన్నం ఉండ చేసి వేయించింది. లోపల ఏముందో అడిగి తీసుకో, ఎక్కువగా మాంసమే. దిగేటప్పుడు నీ బోగీ నంబరు గుర్తుపెట్టుకో, పైన నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఉండిపోకు. ఆ లైన్ మీద పనులు జరుగుతూ బస్సు వేసే రోజులుంటాయి, టికెట్ కొనేటప్పుడు చూసుకో.

పాలెర్మోలో బల్లరో మార్కెట్‌కి వెళ్లు. అక్కడ పనెల్లె దొరుకుతాయి. అచ్చంగా శనగపిండి. ఉడికించి, పలచగా పరిచి, కోసి, నూనెలో వేయించి, నువ్వులద్దిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. పక్కనే మేవుజా అని బన్నులో పెట్టి అమ్మేది దూడ ప్లీహం, చూసి ముందుకెళ్లిపో. వంకాయతో చేసే కపొనాతా పుల్లగా తియ్యగా ఉంటుంది. రెండు రాత్రులూ తిన్నా విసుగు రాదు.

కాఫీ నిలబడి తాగు, కూర్చుంటే ఎక్కువ తీసుకుంటారు. స్టేషన్ బార్లలో, అంటే కాఫీ కొట్లలో, ముందు క్యాష్ కౌంటర్లో కట్టి రసీదు చూపించాలి. బిల్లులో కొపెర్తో అని మనిషికి ఒకటి రెండు యూరోలు ఉంటాయి, అది బల్ల ఖర్చు, దాని మీద టిప్ ఇవ్వక్కర్లేదు. ఒంటరిగా వచ్చావని హోటల్లో మూల బల్ల ఇస్తే తీసుకో. కానీ బాత్రూం పక్క బల్ల ఇస్తే వేరేది అడుగు, మొహమాటపడకు.

ఒక్కదానివే కాబట్టి రెండు మాటలు. నువ్వే ఎత్తి పైన పెట్టుకోలేని బ్యాగు తీసుకెళ్లకు. టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తానని వచ్చేవాళ్లకి నో చెప్పి పక్క మెషీన్‌కి వెళ్లు. రోమ్ తెర్మిని, నేపుల్స్ సెంట్రల్ దగ్గర బ్యాగు ముందుకి వేసుకో. నేపుల్స్ నుంచి పాంపే వెళ్లే చిర్కుమ్‌వెసువియానా బండిలో అయితే మరీ, కిక్కిరిసి ఉంటుంది. అత్యవసరానికి నంబరు 112. రాత్రి పది దాటాక కొత్త ఊళ్లో దిగే రైలు పెట్టుకోకు. మీ అమ్మకి లొకేషన్ షేర్ చెయ్యి, రోజుకి నాలుగు ఫోన్లు తప్పుతాయి.

మార్చిన ప్లాన్ టికెట్లు కొనేముందు నాకు పంపు. వెనిస్ తీసేసినా, మిలాన్ తీసేసినా నేనేమీ అనుకోను. పాలెర్మో మాత్రం తీసెయ్యకు.

మీ పిన్ని