టెక్ సందేహాలు: ఆరంకెల కోడ్ వెనక దాగిన సీడ్

ప్రశ్న: ఆఫీసు లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఆథెంటికేటర్ యాప్‌లోని 6 అంకెల కోడ్ కూడా కొట్టాలి. కోడ్ మారిపోతూ ఉంటుంది కనుక పాస్‌వర్డ్ పోయినా భయం లేదని మా ఐటీ విభాగం చెబుతోంది. నెలల తరబడి కాపు కాసి దాడి చేసే ఏపీటీ (అడ్వాన్స్‌డ్ పర్సిస్టెంట్ థ్రెట్) ముఠాలను కూడా ఇది ఆపగలదా?

జవాబు: పాస్‌వర్డ్ ఒక్కటే ఉన్న ఖాతా కంటే మీది ఎంతో భద్రం. అయితే భయమే లేదనడం సరికాదు. ఆ కోడ్ ఎక్కడి నుంచి పుడుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. యాప్‌ను మొదటిసారి జత చేసేటప్పుడు మీరు స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో సీడ్ అనే రహస్య సంఖ్య ఉంటుంది. అదే సీడ్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఆ సీడ్‌నూ అప్పటి సమయాన్నీ కలిపి లెక్క కట్టి, రెండు వైపులా సాధారణంగా 30 సెకన్లకొక కోడ్ తయారవుతుంది. సీడ్ చేజిక్కినవాడు మీ ఫోన్‌ను ముట్టుకోకుండానే మీ కోడ్‌ను తన కంప్యూటర్‌లో చూసుకోగలడు.

2011 మార్చిలో ఆర్‌ఎస్‌ఏ సంస్థకు జరిగింది ఇలాంటిదే. నిమిషానికొకసారి అంకెలు మారే సెక్యూర్‌ఐడీ టోకెన్లు అనే చిన్న పరికరాలను ప్రపంచమంతటా బ్యాంకులకూ రక్షణ సంస్థలకూ ఇచ్చేది ఆ సంస్థే. ‘2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్’ అనే ఈమెయిల్ కొద్దిమంది ఉద్యోగులకు వచ్చింది. జంక్ ఫోల్డర్‌లో పడిన ఆ మెయిల్‌ను ఒకరు బయటికి తీసి, దానికి జతచేసిన ఎక్సెల్ ఫైల్ తెరిచారు. అందులో దాచిన ఫైల్ ద్వారా, ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని, పాయిజన్ ఐవీ అనే చొరబాటు ప్రోగ్రామ్ లోపలికి వచ్చింది. అక్కడి నుంచి దొంగలు ఒక్కో ఖాతా దాటుకుంటూ సెక్యూర్‌ఐడీ రహస్యాల దాకా వెళ్లారు. ఆ సమాచారాన్ని అమెరికా ఆయుధాల తయారీ సంస్థ లాక్‌హీడ్ మార్టిన్ మీది దాడిలో వాడారని ఆర్‌ఎస్‌ఏ జూన్‌లో ఒప్పుకుని, టోకెన్లు మార్చి ఇస్తామని ప్రకటించింది. లాక్‌హీడ్ లాంటి సంస్థలోకి చొరబడాలనుకున్నవారు, దాని తాళాలు చేసే చోటికే ముందు వెళ్లారన్నమాట. ఏపీటీ ముఠాల ఓపిక అలాంటిది.

సీడ్ దొంగిలించకుండా కూడా కోడ్ కాజేయవచ్చు. అచ్చం మీ ఆఫీసు పేజీలా ఉన్న నకిలీ పేజీలో మీరు కోడ్ కొడితే, అది గడువు తీరేలోపే అసలు సైట్‌కు చేరిపోతుంది.

అందుకే అవకాశం ఉంటే పాస్‌కీని (పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి) గానీ, అదే పని చేసే చిన్న పరికరమైన యూఎస్‌బీ సెక్యూరిటీ కీని గానీ అడిగి తీసుకోమంటాను. వీటిలో రహస్య కీ మీ దగ్గరే ఉంటుంది. సర్వర్ వైపు ఉండేది దాని జత అయిన పబ్లిక్ కీ, అది సరిచూడటానికి మాత్రమే పనికొస్తుంది; దాన్ని దొంగిలించినా దానితో లాగిన్ కాలేరు. పైగా సైట్ చిరునామా ఒక్క అక్షరం తేడాగా ఉన్నా అవి స్పందించవు, కాబట్టి మన కన్ను మోసపోయినా తాళం మోసపోదు. ఇక కంప్యూటర్‌లోకే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) చొరబడితే, లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో మిగిలే సెషన్ కుకీని, అంటే మీరు అప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే గుర్తును, ఎత్తుకుపోవచ్చు. ఆ ప్రమాదాన్ని పాస్‌కీ కూడా తప్పించలేదు.

ఈలోగా మీ ఫోన్ గ్యాలరీ ఒకసారి చూసుకోండి. కొత్త ఫోన్‌కు మారేటప్పుడు పనికొస్తుందని చాలామంది ఆ క్యూఆర్ కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటారు. అది క్లౌడ్ బ్యాకప్‌లోకీ, ఒక్కోసారి వాట్సాప్‌లోకీ వెళ్లిపోతుంది. అలాంటి చిత్రం కనిపిస్తే, తొలగించడంతో సరిపెట్టక, ఐటీ విభాగానికి చెప్పి పాత జతను రద్దు చేయించి కొత్త సీడ్‌తో మళ్లీ నమోదు చేయించుకోండి.