ఖర్చు పరిమితి లెక్కలు రాయబోతున్న స్వాతికి

చిరంజీవి స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంగ్లండులో ఒక ఫార్ములా వన్ కార్ల పందేల జట్టు నిన్ను కాస్ట్ అకౌంటెంటుగా తీసుకున్నదని మీ నాన్న చెప్పిన రోజున ఇంట్లో అందరం పొంగిపోయాము. తరువాత వచ్చిన నీ ఉత్తరంలో మాత్రం కొంత నిరాశ కనిపించింది. కారుకు రూపం దిద్దేవాళ్లందరూ ఒక భవనంలో ఉంటే, నువ్వు మరో భవనంలో కూర్చుని భోజనాల బిల్లులు ఏ పద్దులో వేయాలో తేల్చాలని, దీనికీ పందేనికీ సంబంధం ఏమిటని అడిగావు. విశాఖపట్నంలో ముప్పై నాలుగేళ్లు నౌకల మరమ్మతు ఖర్చులు లెక్కగట్టినవాణ్ణి, పాతికేళ్లుగా ఈ పందేలను విడవకుండా చూస్తున్నవాణ్ణి కనుక, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఆ భోజనాల సంగతే చెబుతాను. ఒక జట్టు ఏడాదిలో ఇంతకు మించి ఖర్చు చేయరాదనే ఖర్చు పరిమితి 2021లో మొదలయింది. ఆ తొలి ఏడాదికి రెడ్ బుల్ జట్టు సమర్పించిన లెక్కలను ఈ పందేల నియంత్రణ సంస్థ ఎఫ్ఐఏ తనిఖీ చేసి, జట్టు పరిమితి దాటిందని 2022 అక్టోబరులో ప్రకటించింది. దాటిన మొత్తం 18 లక్షల 64 వేల పౌండ్లు. ఆ జట్టుకు వర్తించిన సుమారు 11 కోట్ల 80 లక్షల పౌండ్ల పరిమితిలో అది 1.6 శాతం. తేడా వచ్చిన చోట్లు చూస్తే రహస్యంగా చేయించిన కారు రెక్క గాని, చాటున కట్టిన ఇంజను గాని అందులో లేవు. సిబ్బంది భోజన ఖర్చు, యజమాని కట్టవలసిన సామాజిక భద్రతా చందా, అప్రెంటిస్ శిక్షణ సుంకం, వాడకుండా మిగిలిన విడిభాగాల విలువ వంటి పదమూడు పద్దులు ఉన్నాయి. పన్ను మినహాయింపు ఒకదాన్ని సరిగా చూపి ఉంటే అదనపు ఖర్చు 0.37 శాతానికే దిగేదని, జట్టు దురుద్దేశంతో నడుచుకున్నదనడానికి ఆధారం లేదని కూడా ఎఫ్ఐఏ స్పష్టంగా రాసింది. అయినప్పటికీ 70 లక్షల డాలర్ల జరిమానా, కారు మీదుగా గాలి ఎలా పారుతుందో చూసే ఏరోడైనమిక్ పరీక్షలలో ఏడాది పాటు 10 శాతం కోత తప్పలేదు. 2021 డ్రైవర్ల టైటిల్ అబుదాబిలో చివరి ల్యాపులో ఆ జట్టు డ్రైవరుకే దక్కిందని నీకు తెలుసు. ఆ గెలుపును శంకించేవాళ్లు ఈనాటికీ ఉన్నారంటే, ఆ శంకలో కొంత భాగం పద్దులు రాసిన బల్ల దగ్గర పుట్టింది. నువ్వు కూర్చోబోయేది అలాంటి బల్ల దగ్గరే.

ఈ పరిమితి లేని రోజులు ఎలా ఉండేవో నువ్వు చూడలేదు. 2009లో ఎఫ్ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ 4 కోట్ల పౌండ్ల పరిమితిని ప్రతిపాదించినప్పుడు, పెద్ద జట్లు విడిపోయి వేరే పోటీ పెట్టుకుంటామని బెదిరించాయి, ప్రతిపాదన వీగిపోయింది. ఖర్చులు తగ్గుతాయన్న ఆశతో 2010లో అడుగుపెట్టిన మూడు కొత్త జట్లలో 2016 సీజను తరువాత ఒక్కటీ మిగలలేదు. వాటిలో ఒకటైన హెచ్ఆర్‌టీకి మన నరేన్ కార్తికేయన్, కరుణ్ చందోక్ ఇద్దరూ కార్లు నడిపారు. 2011లోను, మళ్లీ 2012లోను, మెల్‌బోర్న్‌లో పందేనికి ముందు జరిగే క్వాలిఫైయింగులో ఆ జట్టు కార్లు మొదటి విడత అత్యుత్తమ సమయానికి 107 శాతం లోపు రాలేక పందెంలో నిలబడే అర్హతనే కోల్పోయాయి. ఆ రెండు ఆదివారాలూ కార్తికేయన్ పేరు లేని స్టార్టింగ్ గ్రిడ్ చూసి నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఆయన చేతిలో విద్య లేకపోవడం వల్ల అలా జరగలేదు. అంతకు మించి వేగం ఇవ్వగల కారును కట్టే డబ్బు ఆ జట్టు దగ్గర లేకపోవడం వల్ల జరిగింది. చివరకు 17.5 కోట్ల డాలర్లుగా నిర్ణయమైన పరిమితిని కోవిడ్ దెబ్బకు 14.5 కోట్లకు కుదించి అమలులోకి తెచ్చారు.

ఇంతవరకు నీకు చెప్పని విషయం ఒకటి ఇప్పుడు చెబుతాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట మా యార్డులో రెండు నౌకలకు ఒకేసారి మరమ్మతు జరుగుతోంది. ఒకటి స్థిర ధరకు ఒప్పుకున్న పని. రెండవది అయిన ఖర్చు మీద ఇంత శాతం లాభం కలిపి ఇచ్చే పని. మొదటి నౌక మీద పనిగంటలు అంచనా దాటిపోతుంటే, వెల్డర్ల జాబ్ కార్డులు కొన్నింటిని రెండవ నౌక పద్దుకు మార్చమని పై అధికారి చెప్పారు. నేను మార్చి సంతకం పెట్టాను. రెండవ నౌక యజమాని తనకు జరగని పనికి డబ్బు కట్టాడు, అది అన్యాయం. అంతటితో ఆగలేదు. మరుసటి సంవత్సరం మొదటి నౌక లాంటిదే మరో పనికి టెండరు వేసేటప్పుడు, నేను దిద్దిన ఆ పాత లెక్కనే ముందు పెట్టుకుని తక్కువ ధర కోట్ చేశాము, నష్టానికి పని పూర్తి చేశాము. అబద్ధపు అంకె పుస్తకంలోకి ఎక్కిన తరువాత, దాన్ని రాసినవాళ్లు కూడా దాన్నే నమ్మి నిర్ణయాలు తీసుకుంటారని అప్పుడు తెలిసింది.

నీ దగ్గరకు ఇదే ప్రశ్న టైమ్‌షీట్ల రూపంలో వస్తుంది. ఒక ఇంజనీరు వారంలో మూడు రోజులు ఫార్ములా వన్ కారు మీద, రెండు రోజులు అదే గ్రూపులోని వేరే ప్రాజెక్టు మీద పనిచేస్తే, ఆ రెండు రోజుల జీతం మాత్రమే పరిమితికి బయట ఉంటుంది. రెండును మూడుగా రాయమని ఎవరూ నీతో నోటితో అనకపోవచ్చు. వారాంతంలో అందరూ ఒకే తీరుగా నింపిన కాగితాలు నీ ముందుకు వస్తాయి, అంతే. అలాంటప్పుడు ఆ ఇంజనీరు దగ్గరికి నడిచి వెళ్లి, ఆ రెండు రోజులు ఏ భాగం మీద పనిచేశాడో చూపించమను. అందుకే మొదటి మూడు నెలలు లెడ్జరు కంటే ఫ్యాక్టరీ ఎక్కువగా చూడు. కార్బన్ ఫైబర్‌ను ఒత్తిడి పెట్టి వేడిచేసే ఆటోక్లేవ్ లోకి అది ఎన్నిసార్లు వెళుతుందో, ఒక ముందు రెక్క పోతే దాని స్థానంలో మరొకటి చేయడానికి ఎన్ని గంటలు పడుతుందో, వాడని భాగాలు స్టోర్సులో ఎక్కడ ఉంటాయో తెలియకుండా పద్దు మీద నీ సంతకం పడకూడదు. విలియమ్స్ జట్టు చేతికి తీసుకున్న జేమ్స్ వౌల్స్, అక్కడ కారులోని సుమారు 20 వేల భాగాల జాబితాను ఒక ఎక్సెల్ పుస్తకంలో నడుపుతున్నట్లు చూశానని 2024లో బహిరంగంగానే చెప్పారు. ఎన్నో ప్రపంచ టైటిళ్లు గెలిచిన జట్టులో ఏ భాగానికి ఎంత ఖర్చవుతుందో, అది ఎప్పటికి తయారవుతుందో సులభంగా చెప్పలేని స్థితి ఏర్పడిందంటే, లెక్కల విభాగం కూడా వేగంలో భాగమేనని నీకు ఇంతకంటే రుజువు అక్కరలేదు.

అనుమానం వచ్చిన పద్దు గురించి ఏడాది మధ్యలోనే అడుగు, రాతపూర్వకంగా అడుగు, జవాబును భద్రపరచు. నియమావళి ఉద్దేశించింది ఒకటి, మీవాళ్లు అర్థం చేసుకున్నది మరొకటి అయితే, అది తేలవలసిన సమయం లెక్కలు సమర్పించడానికి ముందు. పరిమితి దాటకపోయినా కాగితాల లోపానికి శిక్ష పడుతుంది: 2021 లెక్కలలో విధివిధానాల తప్పులకు ఆస్టన్ మార్టిన్ 4.5 లక్షల డాలర్లు, గడువుకు పత్రాలు అందించనందుకు విలియమ్స్ 25 వేల డాలర్లు చెల్లించాయి.

అయితే ఈ పరిమితి అందరినీ సమానం చేసిందని మాత్రం నమ్మవద్దు. డ్రైవర్ల జీతాలు, అత్యధిక జీతం పొందే ముగ్గురి జీతాలు, మార్కెటింగ్ ఖర్చులు దాని బయటే ఉన్నాయి. పూర్వం విచ్చలవిడిగా ఖర్చు చేసిన రోజులలో కట్టుకున్న విండ్ టన్నెళ్లూ సిమ్యులేటర్లూ పెద్ద జట్ల దగ్గర అలాగే ఉన్నాయి. బహుమతి ధనంలో ఫెరారీకి ఉన్న ప్రత్యేక వాటా పోలేదు. పరిమితి వచ్చిన మూడో ఏడు, 2023లో, 22 పందేలలో 21 ఒకే జట్టు గెలిచింది. ఆ తరువాతి ఏడాదిలోనే ఏడుగురు డ్రైవర్లు కనీసం రెండేసి పందేలు గెలిచారు, మెక్‌లారెన్ 1998 తరువాత మొదటిసారి జట్ల టైటిల్ అందుకుంది. ఈ మార్పులో ఖర్చు పరిమితి పాలు ఎంతో, ఏరోడైనమిక్ పరీక్షలకు నిర్ణయించిన ప్రామాణిక సమయంలో ముందున్న జట్టుకు 70 శాతం, పదవ జట్టుకు 115 శాతం ఇచ్చే నియమం పాలు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. నా మట్టుకు నాకు రెండో నియమమే ఎక్కువ న్యాయమైనదిగా తోస్తుంది, ఎందుకంటే అది వెనుకబడినవాడి చేతికి నేరుగా ఒక పనిముట్టు ఇస్తుంది.

ఒక్క విషయంలో నీ మనసు గట్టిగా ఉండాలి. పరిమితి బిగుసుకున్నప్పుడు ముందుగా చూపు పడేది మెకానిక్కుల జీతాల మీద, క్యాంటీను మీద, అప్రెంటిస్ కుర్రాళ్ల సంఖ్య మీద. కోట్ల డాలర్ల డ్రైవరు జీతం లెక్కకు బయట ఉండి, రాత్రంతా గేరుబాక్సు మార్చిన మనిషి ఓవర్‌టైము లోపల ఉండడం నాకు మొదటి నుంచీ అన్యాయంగానే కనిపిస్తోంది. ఆ నియమాన్ని మార్చడం నీ చేతిలో లేదు. ఎక్కడ ఆదా చేయవచ్చో అడిగినప్పుడు మాత్రం, స్క్రాప్‌లోకి పోయిన భాగాలు, గీసి వదిలేసిన డిజైన్లు, అవసరానికి మించి చేయించిన విడిభాగాలు, ఇవి ఎంత తిన్నాయో అంకెలతో ముందు పెట్టు. జీతాల జాబితా తెరవడానికి ముందు ఆ కాగితం వాళ్ల బల్ల మీద ఉండాలి.

ఏటా మార్చి 31 నాటికి గడిచిన ఏడాది లెక్కలు ఎఫ్ఐఏకు చేరాలి. అంతకు ముందు డిసెంబరులో సరుకు లెక్కించే రోజు వస్తుంది. ఆ రోజు జాబితా నీ బల్ల మీదికి వచ్చేదాకా ఆగకుండా, వెచ్చని కోటు వేసుకుని స్టోర్‌కీపరుతో పాటు అర అరకూ తిరిగి నీ కళ్లతో లెక్కపెట్టు. మీ పెద్దమ్మ కందిపొడి, ఆవకాయ పార్శిలు చేస్తోంది, చేరగానే రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న