పెరట్లో గుమ్మడి: పిందెలెందుకు రాలుతున్నాయి, తీగను ఎక్కడ పాకించాలి

మీరు అడిగినవి మూడు. ఇంటి వెనుక పది సెంట్లలో కూరగాయలు ఎలా వేసుకోవాలి? పోయినసారి వంగ, బెండ మడులను కప్పేసిన గుమ్మడిని ఈసారి ఎక్కడ పెట్టాలి? పూలు విరగబూసినా కాయ ఎందుకు నిలవలేదు? తెనాలి వైపు మా పెరడూ దాదాపు అంతే ఉంటుంది, ఏటా గుమ్మడి వేస్తాం. చూసినది చెబుతాను.

ముందు పిందెల సంగతి, ఎందుకంటే మీరు తెగులనుకుని మందు కొట్టబోతున్నారు. ఆగండి. గుమ్మడిలో ఒకే తీగకు మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా వస్తాయి. మొదట వచ్చేవి చాలావరకు మగ పూలే. పొడవాటి సన్నని కాడ మీద ఒక పూట పూసి రాలిపోతాయి, వాటికోసం దిగులు పడనక్కరలేదు. ఆడ పువ్వుకు అడుగునే చిన్న పిందె ఉంటుంది. అది తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఈలోగా తేనెటీగ వచ్చి పుప్పొడి అంటించకపోతే పిందె పసుపుపచ్చగా మారి, వడిలి, మూడు నాలుగు రోజుల్లో రాలుతుంది. మీరు రాసిన లక్షణాలు అచ్చంగా ఇవే.

కాబట్టి ఉదయం ఎనిమిదిలోపు పెరట్లోకి వెళ్లండి. అప్పుడే విచ్చిన మగ పువ్వును కోసి, రేకులు తుంచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా రుద్దండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. పురుగుమందు ఏదైనా, వేపనూనె అయినా సరే, సాయంత్రమే కొట్టండి. పొద్దున్నే కొడితే వచ్చే నాలుగు తేనెటీగలూ రావు. యూరియా కూడా ఆపండి. నత్రజని ఎక్కువైతే తీగ ఊరంతా పాకుతుంది గానీ కాయ పట్టదు.

పిందె నిమ్మకాయంత అయ్యాక వంకర తిరిగి, జిగురు కారి, కుళ్లితే మాత్రం కథ వేరు. కోసి చూడండి, లోపల తెల్లని పురుగులుంటే అది పండు ఈగ. ఈగ పిందెకు గాటు పెట్టి గుడ్లు పెడుతుంది. లోపల పెరిగిన పురుగు నేలలోకి దిగి కోశస్థ దశకు (ప్యూపాగా మారే దశ) వెళ్లి, మళ్లీ ఈగై వస్తుంది. అందుకే ఆ కాయలను పెంటకుప్పలో వేయకూడదు. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి కొన్నాళ్లు ఎండలో పడేయాలి. క్యూల్యూర్ (పండు ఈగలను వాసనతో రప్పించే మందు) పెట్టిన ఎర బుట్టలు వాడవచ్చు గానీ వాటిలో పడేవి మగ ఈగలే. మేము వాటితో పాటు, పిందె నిలిచిందని తెలియగానే పాత పంచె ముక్క చుట్టి వదులుగా కడతాం. చూసేవాళ్లు నవ్వుతారు, కాయ మాత్రం దక్కుతుంది.

మగ పూలు ఎక్కువైనాయని బాధపడేవాళ్లకు ధనుర్మాసంలో మంచి ఉపయోగం ఉంది. అక్టోబరు చివర గింజ పెడితే గొబ్బెమ్మల వేళకు పూలు అందుతాయి. వీధి పిల్లలకు అడుగున పిందె లేని పువ్వే కోయాలని ఒకసారి చూపించండి. గుమ్మడికాయల దొంగ అంటే పెద్దవాళ్లు భుజాలు తడుముకుంటారు గానీ, పూల దొంగలకు అలాంటి మొహమాటం ఉండదు. చెప్పకపోతే ఆడ పూలూ పోతాయి. సంక్రాంతి దప్పళంలోకి ఇంటి కాయ కావాలంటే మాత్రం తొలకరిలోనో, ఆ తర్వాత కాస్త ఆలస్యంగానో విత్తాలి. మొలక నుంచి కాయ ముదిరేదాకా మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది, కోసిన కాయ పండుగదాకా అటక మీద నిలుస్తుంది.

ఇక చోటు. గుమ్మడిని మడుల మధ్య పెట్టవద్దు. ఒక మూలన ఒక సెంటు పూర్తిగా దానికి వదిలి, అక్కడ నాలుగు పాదులు చేసుకుంటే చాలు. తీగ కొనలను రోజూ ప్రహరీ వైపు తిప్పుతూ ఉండాలి. మాది నల్లరేగడి, నీరు నిలుస్తుంది. కాబట్టి గుంతలో చివికిన పశువుల ఎరువు, వేపపిండి వేసి నేలకంటే కొంచెం ఎత్తుగా చేసి, మూడు గింజలు పెట్టి, బలమైన మొక్కనే ఉంచుతాం. మొలకలకు రెండు మూడు ఆకులు వచ్చేసరికి ఎర్ర పెంకు పురుగు దిగి ఆకులను జల్లెడ చేస్తుంది. పొద్దున మంచు తడి ఆరకముందే దులిపి ఏరేసి, కట్టెల బూడిద చల్లుతాం. బీర, కాకర, పొట్ల పాదులకు పందిరి ఉత్తరం వైపు వేయండి, మిగతా మడుల మీద నీడ పడదు. వంగ, టమాటా, బెండ, గోరుచిక్కుడు మధ్యలో నాలుగడుగుల మడుల్లో వేసుకోండి. ఆకుకూరలు వంటింటి తలుపు దగ్గరే ఉండాలి. దూరంగా వేస్తే కోయడానికి బద్ధకిస్తాం.

రకం విషయంలో నా మాట వినండి: నలుగురున్న ఇంటికి ఎనిమిది కిలోల కాయ వద్దు. కోసిన రోజు వీధంతా పంచాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్కా చందన్ కాయ రెండు మూడు కిలోలే ఉంటుంది, పులుసుకూ కూరకూ బాగుంటుంది. వడియాలకు బూడిద గుమ్మడి వేరే పాదు పెట్టి పశువుల పాక మీదికి పాకించండి. పక్కపక్కన పెడితే తీపి గుమ్మడి చప్పబడుతుందని మీ అత్తగారు అన్నారట. ఆ భయం లేదు, ఆ రెండూ ఒకదానితో ఒకటి సంకరం కావు.

కాడ ఎండి గట్టిపడి, తొక్క మీద గోరు దిగనప్పుడు తీపి గుమ్మడిని రెండంగుళాల కాడతో కోయండి. కాడ విరిగిన కాయ ముందుగా కుళ్లుతుంది, దాన్ని ముందు వండేసి మిగతావి గాలి తగిలే అటక మీద తాకకుండా విడివిడిగా పేర్చండి. రెండు మూడు నెలలు నిలుస్తాయి. విత్తన ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే ఆ గింజలు వేయించుకుని తినండి, విత్తనానికి దాచవద్దు.