ఆకలి లేదన్న తమ్ముడికి

"అక్కా, అమెరికాలో ఎం.ఎస్. రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. క్యాంపస్ జాబ్ ఇంకా దొరకలేదు. నాన్న పంపాల్సిన డబ్బు ఆలస్యమైంది. రోజుకి ఒకపూటే తింటున్నాను. మా యూనివర్సిటీలో ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉందట. అక్కడికి వెళ్తే రేపు వీసాకీ, గ్రీన్ కార్డుకీ ఇబ్బంది అవుతుందని రూమ్మేట్లు అంటున్నారు. అసలు అలా వెళ్ళి తెచ్చుకోవడం పద్ధతేనా?"

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. వెళ్ళు. ఈ వారమే వెళ్ళు. యూనివర్సిటీ ప్యాంట్రీలో బియ్యం, బీన్స్ తెచ్చుకున్నందువల్ల నీ ఎఫ్-1 స్టేటస్‌కి, అంటే స్టూడెంట్ వీసా మీద ఇక్కడ ఉండే హక్కుకి, ఏమీ కాదు. నీ రూమ్మేట్లు భయపడుతున్నది 'పబ్లిక్ చార్జ్' అనే మాట విని. ప్రభుత్వం ఇచ్చే సాయం మీద ఆధారపడి బతుకుతారా అని ఇమిగ్రేషన్ వాళ్ళు చూసే లెక్క అది. యూనివర్సిటీ గానీ, గుడి గానీ, చర్చి గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ తమంతట తాము ఇచ్చే సరుకులు ఆ లెక్కలోకి రావు. స్నాప్ అనే ఫుడ్ స్టాంప్స్ పథకం మాత్రం వేరే సంగతి. అది ప్రభుత్వానిది, ఎఫ్-1 వాళ్ళకు అర్హత లేదు. ఎవరో పెట్టమన్నారని దానికి అప్లికేషన్ పెట్టకు. ఊళ్ళోని బయటి ప్యాంట్రీల్లో ఎక్కడైనా ఫారం మీద సంతకం అడిగితే పూర్తిగా చదువు, అర్థం కాకపోతే ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అడిగి అప్పుడు పెట్టు. క్యాంపస్ ప్యాంట్రీలో చాలాచోట్ల స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు.

ఇక పద్ధతేనా అన్నావు చూడు, నన్ను బాధపెట్టింది ఆ మాటే.

కిందటేడు ఉగాదికి మా ఇంటికి నలుగురైదుగురు విద్యార్థులు వచ్చారు. అందులో ఒకబ్బాయి మూడోసారి పెరుగన్నం కలుపుకుంటూ చుట్టూ చూసి, ఎవరైనా గమనిస్తున్నారేమోనని చెయ్యి ఆపేశాడు. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు బెల్టు కనిపించింది. కంపెనీ వేసిన బెజ్జాలు దాటి ఇంకో రెండు బెజ్జాలు ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచినట్టు వాటి అంచులు చిరిగి ఉన్నాయి. తర్వాత మెల్లగా అడిగితే తెలిసింది. రూములో వంట ఖర్చు పంచుకోలేక, ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో తిండి గ్రూపు నుంచి తన పేరు తీసేయమన్నాడట. రూమ్మేట్లు భోజనానికి పిలిస్తే "ఆకలి లేదు, క్యాంపస్‌లో తిన్నాను" అనేవాడట. క్యాంపస్‌లో తిన్నది వెండింగ్ మెషిన్‌లో బిస్కెట్ ప్యాకెట్. రెండు నెలలు అలా గడిపాడు. వాళ్ళమ్మకి మాత్రం రోజూ వీడియో కాల్‌లో తిన్నాననే చెప్పేవాడు.

ఆ అబ్బాయిని చూస్తుంటే నాకు 2008 గుర్తొచ్చింది. అప్పుడు నేనూ మాస్టర్స్ చదువుతున్నాను. మాంద్యం దెబ్బకి లైబ్రరీలో నా పని వారానికి 20 గంటల నుంచి 8 గంటలకి తగ్గించేశారు. నెలన్నర పాటు అన్నం, అమ్మ పంపిన గోంగూర పచ్చడి, అంతే. మధ్యాహ్నం క్లాసులో అక్షరాలు అలుక్కుపోయి కనిపించేవి. చలికి అనుకున్నాను, నిద్ర చాలక అనుకున్నాను, ఆకలి అని మాత్రం ఒప్పుకోలేదు. సరుకులు ఇచ్చే చోటు రెండు బిల్డింగుల అవతలే ఉందని చదువైపోయాక తెలిసింది. అందుకే మా తరంవాళ్ళు ఎవరైనా "మేమూ మ్యాగీ తిని చదువుకున్నాం, మీరూ ఓర్చుకోండి" అంటే నాకు కోపమొస్తుంది. అప్పుడు మేము చేసింది గొప్ప పనేమీ కాదు. ఎవరినీ అడగకపోవడం మా పొరపాటు. దాన్ని మీకు ఆదర్శంగా చూపించకూడదు.

క్యాంపస్ ప్యాంట్రీ నీలాంటి విదేశీ విద్యార్థులపై జాలితో పెట్టింది కాదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993లోనే విద్యార్థులే నడుపుకొనే ఫుడ్ బ్యాంక్ మొదలైంది. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిదని చెప్తారు. ఇప్పుడు వందల క్యాంపస్‌లలో ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2020లో ఇక్కడి అండర్‌గ్రాడ్యుయేట్లలో 23 శాతం మందికి, అంటే సుమారు 38 లక్షల మందికి, తిండికి ఇబ్బంది ఉంది. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు. ప్యాంట్రీ క్యూలో నీ ముందు నిలబడేది వాళ్ళే. నిన్నెవరూ వింతగా చూడరు.

మనవాళ్ళకి ఈ ఇబ్బంది ఎందుకొస్తోందో కూడా చెప్పుకోవాలి. వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం కోసం ఏడాదికి సరిపడా డబ్బు ఉన్నట్టు చూపిస్తాం. ఆ బ్యాలెన్స్ కొందరి విషయంలో కన్సల్టెన్సీ వాళ్ళు నాలుగు రోజులకి సర్దిపెట్టింది. వీసా రాగానే ఆ డబ్బు వెనక్కి వెళ్ళిపోతుంది. చేతిలో ఉన్నది టికెట్‌కీ, మొదటి సెమిస్టర్ ఫీజుకీ, ఇంటి డిపాజిట్‌కీ అయిపోతుంది. దానికి తోడు రూపాయి. 2015లో డాలరుకి 64 రూపాయల దగ్గర ఉంటే, 2025 డిసెంబరులో 90 దాటింది. నెలకి 600 డాలర్లు పంపాలంటే అప్పుడు 38 వేల చిల్లర, 2025 డిసెంబరు నాటికి 54 వేల పైనే. పొలం మీద వచ్చే కౌలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు కదా. రెంటు ఆగదు, ఫీజు ఆగదు, హెల్త్ ఇన్సూరెన్స్ ఆగదు. ఎవరూ వచ్చి అడగని ఖర్చు తిండి ఒక్కటే, అందుకని పిల్లలు మొదట అక్కడే కోసుకుంటారు.

ప్యాంట్రీకి వెళ్ళేటప్పుడు గట్టి సంచులు రెండు తీసుకెళ్ళు. టైమింగ్స్ ముందే చూసుకో, చాలావాటిని వారంలో రెండు మూడు రోజులే తెరుస్తారు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఏం తీసుకోవాలో తెలియక రెండు బ్రెడ్లు పట్టుకుని వచ్చేస్తారు. అలా చెయ్యకు. డబ్బాల్లో వచ్చే రాజ్మా, శనగలు తీసుకో. ఉప్పు నీళ్ళలో ఉంటాయి కాబట్టి వంపేసి బాగా కడిగి వండు. శనగలతో పోపు గుగ్గిళ్ళు పది నిమిషాల పని. డబ్బా టమాటాలు పప్పులోకీ, పులుసులోకీ పనికొస్తాయి. డబ్బా పాలకూర నీళ్ళు పిండి కందిపప్పులో వేస్తే పాలకూర పప్పే. గుమ్మడికాయ గుజ్జు డబ్బాలు కూడా ఉంటాయి, బెల్లం, చింతపండు వేసి పులుసు పెట్టుకోవచ్చు. కాకపోతే 'పై ఫిల్లింగ్' అని రాసి ఉన్నది తీసుకోకు, అందులో చక్కెర, దాల్చినచెక్క కలిపి ఉంటాయి. ఓట్స్‌తో ఉప్మా చేసుకోవచ్చు, బియ్యప్పిండి కలిపి దోశ పోసుకోవచ్చు. చక్కెర లేని పీనట్ బటర్ దొరికితే వేడినీళ్ళలో పలచన చేసి, చింతపండు రసం, కారం, ఉప్పు వేసి ఇంగువ పోపు పెట్టు. పల్లీ చట్నీకి దగ్గరగానే వస్తుంది. మాంసం తింటే టూనా డబ్బా వదలకు. నీళ్ళు వంపేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గరంమసాలాతో వేయిస్తే రెండు పూటలకి కూర.

శాకాహారులైతే డబ్బా వెనక చదవడం అలవాటు చేసుకోవాలి. రిఫ్రైడ్ బీన్స్‌లో కొన్నిటికి లార్డ్ వేస్తారు, అది పంది కొవ్వు. మసాలా కలిపిన బియ్యం ప్యాకెట్లలో చికెన్ బ్రాత్ ఉండొచ్చు. కొన్ని పెరుగు కప్పుల్లో జెలటిన్ కలుస్తుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.

దగ్గరలో గురుద్వారా ఉంటే వెళ్ళు. తల కప్పుకుని, చెప్పులు విడిచి పంక్తిలో కూర్చుంటే లంగర్, అంటే ఉచిత భోజనం, వడ్డిస్తారు. నువ్వెవరివి, ఎందుకొచ్చావని అడిగేవాళ్ళు ఉండరు. మన గుళ్ళలో కూడా శని, ఆదివారాల్లో అన్నదానం పెట్టేవి చాలా ఉన్నాయి. కొన్ని యూనివర్సిటీల్లో తోటి విద్యార్థులు తాము వాడుకోని మీల్ స్వైప్‌లు, అంటే డైనింగ్ హాల్‌లో ముందే డబ్బు కట్టిన భోజనాలు, ఇస్తారు. 2010లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో విద్యార్థులు మొదలుపెట్టిన స్వైప్ అవుట్ హంగర్ సంస్థ అలా వచ్చిందే. మీ క్యాంపస్‌లో ఉందేమో అడుగు. క్యాంపస్ జాబ్ వెతికేటప్పుడు డైనింగ్ హాల్‌ని చిన్నచూపు చూడకు. చాలాచోట్ల షిఫ్ట్ చేసిన రోజు ఒక భోజనం ఇస్తారు.

డబ్బు విషయానికొస్తే, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి వెళ్ళి "ఎమర్జెన్సీ గ్రాంట్ ఉందా, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి ఇస్తారా" అని సూటిగా అడుగు. అది అప్పు కాదు, దొరికితే తిరిగి కట్టక్కర్లేదు. ఫీజు కట్టే ఆఫీసులో నెలనెలా కట్టే ప్లాన్ అడుగు. ఈ రెండూ గడువు దాటకముందు అడిగితేనే పనిచేస్తాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఇక్కడ ఆఫీసులు అసలే పెట్టవు. ఫీజు తగ్గుతుందని కోర్సు డ్రాప్ చేసే ఆలోచన ఉంటే మాత్రం డీఎస్‌ఓ అనుమతి లేకుండా ఆ పని చెయ్యకు. ఫుల్‌టైమ్ క్రెడిట్స్ తగ్గితే స్టేటస్సే పోతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆకలితో ఉన్నవాడి దగ్గరికి క్యాష్ జాబ్ వెతుక్కుంటూ వస్తుంది. గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్ కిచెన్‌లోనో గంటకి ఇంత ఇస్తాం, పేపర్లేమీ అక్కర్లేదు అంటారు. ఎఫ్-1 మీద క్యాంపస్‌లో సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. క్యాంపస్ బయట అనుమతి లేకుండా ఒక్క గంట పని చేసినా ఉల్లంఘనే. చేసిన పనికి జీతం ఎగ్గొట్టినా బయటికి చెప్పుకోలేవు, అది ఆ యజమానికీ తెలుసు. మీ నాన్న చేసిన అప్పంతా నీ స్టేటస్ మీదే నిలబడి ఉంది. నాకు తెలిసిన కొందరు పిల్లలు ప్యాంట్రీకి వెళ్ళడానికి సిగ్గుపడి, దొంగచాటు పనికి సిగ్గుపడలేదు. ఏది ప్రమాదమో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

చట్టబద్ధమైన దారి ఒకటుంది, చాలామందికి తెలియదు. ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివాక, నీ చేతిలో లేని కారణాలతో తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది వస్తే, క్యాంపస్ బయట పని చేయడానికి అనుమతి అడగొచ్చు. రూపాయి విలువ బాగా పడిపోవడం, చదివించేవాళ్ళ పరిస్థితి మారిపోవడం, ఊహించని వైద్య ఖర్చులు ఆ కారణాల్లోకి వస్తాయి. క్యాంపస్‌లో పని దొరకలేదనో, అది సరిపోవట్లేదనో చూపించాలి. డీఎస్‌ఓ సిఫార్సు చేశాక ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి ఐ-765 అనే అప్లికేషన్ పెట్టాలి, పని అనుమతి కార్డు చేతికొచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. నెలలు పట్టొచ్చు. నీకు ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి ఇప్పటినుంచే కాగితాలు దాచు. నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి బిల్లులు, జాబ్‌కి అప్లై చేసిన ఈమెయిళ్ళు, అన్నీ.

జాబ్ వచ్చాక పే స్టబ్ (జీతం చీటీ) చూసుకో. ఎఫ్-1 మీద ట్యాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవాళ్ళకి, మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పన్నులు జీతంలోంచి పట్టుకోకూడదు. అది 7.65 శాతం. పొరపాటున పట్టుకుంటే ముందు పే రోల్ వాళ్ళని అడుగు. ఇంకొకటి, భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకి 1040-ఎన్ఆర్ అనే ట్యాక్స్ రిటర్న్‌లో స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను పడకుండా తీసేసే కొంత మొత్తం, వస్తుంది. మిగతా చాలా దేశాల విద్యార్థులకి ఇది లేదు. నీ ఏడాది జీతం ఆ డిడక్షన్ లోపే ఉంటే, కోసుకున్న ఫెడరల్ ట్యాక్స్ మొత్తం వెనక్కి వస్తుంది. ఆ డబ్బు ఒక నెల సరుకులకి సాయమవుతుంది.

నాన్నకి ఫోన్ చెయ్యి. తిండికి కటకటగా ఉంది, ప్యాంట్రీ నుంచి తెచ్చుకుంటున్నాను, చదువు ఆగదు, అని ఉన్నదున్నట్టు చెప్పు. ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు, నిజమే. కానీ ఆలస్యమైన డబ్బు ఎప్పటికి వస్తుందో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోగలిగేది అప్పుడే.

ఇది చదువుతున్న రూమ్మేట్లకి కూడా ఒక మాట. మీలో ఒకరు వారంలో నాలుగుసార్లు ఆకలి లేదన్నారంటే నమ్మకండి. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు, ముందు నాలుగు గ్లాసుల బదులు ఐదు గ్లాసుల బియ్యం పెట్టి, కంచం వేసి పిలవండి. వంట చేసేవాడికి వాటా తగ్గించుకునే పద్ధతి పెట్టుకుంటే ఎవరికీ మొహమాటం ఉండదు. ఉగాదికి వచ్చిన ఆ అబ్బాయి రూములో అదే చేశారు. ఇప్పుడు వంట అతనిది, సరుకుల డబ్బు మిగతా నలుగురిది.

తమ్ముడూ, ప్యాంట్రీకి వెళ్ళొచ్చి ఏం దొరికిందో నాకు రాయి. డబ్బాల మీద పేర్లు కొత్తగా ఉంటే ఫోటో తీసి పంపు, దేంతో ఏం వండొచ్చో చెప్తాను.