ఇంట్లో కట్టిన విమానం, ఫ్యాక్టరీ విమానం: జాబితా ఒకటా, రెండా?

ప్రశ్న: ఒక దేశంలో ఇప్పటిదాకా రిజిస్టరైన సివిల్ విమానాలన్నిటికీ కేటలాగ్ చేద్దామని నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ మొదలుపెట్టామండీ. ఫ్యాక్టరీవి బాగానే సాగాయి, కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్, అంతే. హోమ్‌బిల్ట్‌ల దగ్గరికి, అంటే సొంతంగా ఇంట్లో కట్టుకున్నవాటి దగ్గరికి రాగానే ముగ్గురికీ పడట్లేదు. ఒకతను వాటికి వేరే భాగం పెట్టాలంటాడు, ఇంకొకతను కట్టినాయన పేరు కిందే రాయాలంటాడు, నాకేమో డిజైన్ పేరు కింద ఉంటేనే వెతుక్కోడానికి వీలుగా ఉంటుందనిపిస్తుంది. ఎలా చేస్తే మంచిది?

జవాబు: వేరే భాగం మాత్రం వద్దండీ. జాబితా ఒకటే ఉండాలి, ఇంట్లో కట్టిందా ఫ్యాక్టరీదా అన్నది అందులో ఒక కాలమ్ అవ్వాలి. ఎందుకంటే మీరు గీద్దామనుకుంటున్న గీత చాలాసార్లు ఒకే రకం విమానాన్ని నిలువునా రెండుగా కోసేస్తుంది. పిట్స్ స్పెషల్ తీసుకోండి, కర్టిస్ పిట్స్ 1940ల్లో డిజైన్ చేసిన ఆ చిన్న ఏరోబాటిక్ బైప్లేన్‌ని (గాల్లో విన్యాసాలు చేసే, రెండు వరసల రెక్కల విమానాన్ని) ప్లాన్స్, అంటే డ్రాయింగులు తెప్పించుకుని గ్యారేజీల్లో కట్టుకున్నవాళ్ళు బోలెడుమంది, తర్వాత అదే విమానం ఎస్-1 మోడల్‌గా అమెరికాలో వ్యోమింగ్‌లోని ఆఫ్టన్ ఫ్యాక్టరీలోంచి కూడా వచ్చింది. వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ-12 అయితే కిట్‌గా, అంటే బిగించుకునే విడిభాగాలుగా కొనుక్కోవచ్చు, పూర్తిగా కట్టి ఇచ్చిందీ కొనుక్కోవచ్చు. ఫ్రాన్స్‌లో జోడెల్ వాళ్ళు కాస్త దయ చూపించారు, ఫ్యాక్టరీలో చేసింది డి.117, దాన్నే సొంతంగా కట్టుకుంటే డి.119, నంబర్ చూడగానే తెలిసిపోతుంది, కానీ ఆ సౌకర్యం అన్ని డిజైన్లకీ ఉండదు. మీరు రెండు భాగాలు చేస్తే పిట్స్ గురించి చదవాలనుకున్నవాడు రెండు చోట్లా తిరగాలి, ఒకచోట చూసి ఇంతే ఉన్నాయనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ విమానం ఎలా పుట్టింది అన్నదీ, ఇవాళ ఏ సర్టిఫికెట్ మీద ఎగురుతోంది అన్నదీ రెండూ వేర్వేరు విషయాలు, వీటిని ఒకే కాలమ్‌లో కలిపేస్తే మొత్తం కేటలాగే తప్పుదారి పడుతుంది. బ్రిటన్‌లో పర్మిట్ టు ఫ్లై మీద, అంటే మామూలు సర్టిఫికెట్ బదులు ఇచ్చే అనుమతి మీద హోమ్‌బిల్ట్‌లు ఎగురుతాయి, నిజమే, కానీ అదే పర్మిట్ మీద ఆస్టర్ కంపెనీ పాత చిన్న విమానాలు కూడా ఎగురుతాయి, అవి శుభ్రంగా ఫ్యాక్టరీలో తయారైనవి, వెనక నిలబడే కంపెనీ లేక అటు వచ్చాయి. పర్మిట్ ఉంది కదా అని ఆస్టర్‌ని హోమ్‌బిల్ట్‌ల్లో వేస్తే ఎంత అన్యాయమో చూడండి. అమెరికాలోనూ అంతే, సర్టిఫికెట్ మీద ఎక్స్‌పెరిమెంటల్ అని కనపడగానే ఇంట్లో కట్టిందని రాసేయకూడదు, ఎగ్జిబిషన్‌కీ రీసెర్చ్‌కీ కూడా ఆ సర్టిఫికెట్లు ఇస్తారు, అమెచ్యూర్ బిల్ట్ (సొంతంగా కట్టుకున్నది) అన్నది వాటిల్లో ఒక రకం మాత్రమే. పుట్టుక మారదు కాబట్టి దాన్ని ఒక్కసారి రాసి వదిలేయండి, సర్టిఫికెట్ మారుతుంది కాబట్టి దాన్ని తేదీతో సహా రాయండి, మారినప్పుడల్లా కింద ఇంకో వరస చేర్చండి.

ఇక పేరు గొడవ. మీ ముగ్గురిలో మీరూ, కట్టినాయన పేరు అంటున్న ఫ్రెండూ ఇద్దరూ కరెక్టే, అందుకే ఒక కాలమ్ చాలదు. డిజైన్ ఎవరిది, కిట్ ఎవరిచ్చారు, కట్టింది ఎవరు, మూడూ విడిగా ఉండాలి. సెస్నా 172కి కిట్ ఉండదు, డిజైన్‌కీ తయారీకీ ఒకటే పేరు, అయినా అక్కడ కూడా ఫ్రాన్స్‌లో రీమ్స్ ఏవియేషన్ తయారుచేసిన ఎఫ్172లకి సీరియల్ వరస వేరు, అంటే ఫ్యాక్టరీ విమానానికి కూడా డిజైన్ ఒకరిది, కట్టింది ఇంకొకరు అవ్వచ్చు. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజెడ్ విమానానికి ప్లాన్సే ఆధారం, కాబట్టి కిట్ కాలమ్ ఖాళీ, ఖాళీగా ఉంటే ఏం పర్లేదు.

అమెరికా రిజిస్టర్‌లోకి వెళ్ళి వ్యాన్స్ కిట్‌లతో కట్టే ఆర్‌వీ-7లు వెతికి చూడండి, నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. తయారీదారు అన్నచోట చాలావాటికి వ్యాన్స్ అని ఉండదు, కట్టినాయన ఇంటిపేరు ఉంటుంది, ఎందుకంటే చట్టం లెక్కలో తయారుచేసింది ఆయనే. మోడల్ అన్నచోట ఒకాయన ఆర్‌వీ-7 అని గీతతో రాస్తాడు, ఇంకొకాయన గీత లేకుండా, మరొకాయన ముందు వ్యాన్స్ అని చేర్చి. రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో దించుకోండి, అక్షరం మార్చొద్దు, పక్కన మీరు సరిచేసిన పేరు ఇంకో కాలమ్‌లో పెట్టండి. సరిచేసి అసలుది చెరిపేస్తే తర్వాత వచ్చేవాడికి మీరెక్కడ ఊహించారో, ఎక్కడ చూసి రాశారో తేల్చుకునే దారే ఉండదు.

ఇంక సీరియల్ నంబర్. విమానానికి మంటకి తట్టుకునే ఒక ఐడెంటిఫికేషన్ ప్లేట్ ఉండాలని, దాని మీద సీరియల్ నంబర్ ఉండాలని అమెరికా నిబంధనలు చెప్తాయి, ఆ చిన్న రేకు ముక్క మీద ఉన్న నంబరే మనకి అసలు ఆధారం. కానీ హోమ్‌బిల్ట్‌కి ఆ నంబర్ కట్టినాయనే పెట్టుకోవచ్చు చాలా చోట్ల, కిట్ నంబర్ పెట్టేవాళ్ళున్నారు, తన మొదటి విమానం కదా అని 1 అనో 001 అనో పెట్టేవాళ్ళున్నారు, అందుకని ఒట్టి సీరియల్‌తో విమానాన్ని గుర్తుపట్టలేం, కట్టినవారూ డిజైనూ సీరియలూ మూడూ కలిస్తేనే ఒక విమానం. బ్రిటన్‌లో సొంతంగా విమానాలు కట్టేవాళ్ళ సంఘం పీఎఫ్‌ఏ (ఇప్పుడు దాని పేరు ఎల్‌ఏఏ) ఇచ్చిన నంబర్లది మంచి పద్ధతి, మొదటి భాగం డిజైన్‌ని చెప్తుంది, గీత తర్వాతది ఆ ప్రాజెక్ట్‌ని, యూరోపా అనే కిట్ విమానం అయితే 247తో మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ గుర్తుని మాత్రం అసలు నమ్ముకోకండి, అమెరికాలో ఎన్ నంబర్ (అక్కడి రిజిస్ట్రేషన్ గుర్తు) ఒక విమానం మీంచి తీసి ఇంకోదానికి ఇస్తారు, దేశం దాటితే ఎలాగూ మారిపోతుంది.

ప్రశ్న: సగం కట్టి ఆపేసినవీ, అసలు రిజిస్టర్ కానివీ ఉన్నాయి కదా, అవి కూడా ఎక్కించాలా? తయారైన సంవత్సరం ఏది రాయాలి?

జవాబు: ఎక్కించండి, స్థితి అనే కాలమ్‌లో పూర్తికాలేదు అని రాయండి. 1930ల్లో ఆన్రీ మిన్యే డిజైన్ చేసిన ఫ్లయింగ్ ఫ్లీ మీద మోజుతో జనం ఎక్కడెక్కడో షెడ్లలో కట్టేశారు, వాటిల్లో పూర్తి కానివి ఉన్నాయి, ఏ రిజిస్టర్‌కీ ఎక్కనివి ఉన్నాయి, వరస ప్రమాదాలయ్యాక మూలపడినవి ఉన్నాయి, ఒట్టి రిజిస్టర్ చూసి రాస్తే ఆ కాలంలో ఇళ్ళల్లో జరిగినదాంట్లో చాలా భాగం మీ కేటలాగ్‌లోకే రాదు. కాకపోతే ఆధారం కావాలి, ఫొటోనో, డ్రాయింగ్ కొన్న రసీదో, మిగిలిన రెక్క ముక్కో, విన్నమాట ఒక్కటే అయితే విడిగా నోట్‌లో ఉంచండి. సంవత్సరం సంగతికొస్తే, ఫ్యాక్టరీదానికి ఒక్కటి చాలు, హోమ్‌బిల్ట్‌కి మొదలుపెట్టినదీ మొదటిసారి ఎగిరినదీ రెండూ రాయండి, మధ్యలో ఏళ్ళకేళ్ళు గడుస్తాయి. ఒకరు మొదలుపెట్టి అమ్మేస్తే ఇంకొకరు పూర్తిచేసేవి మామూలే, ఇద్దరి పేర్లూ వరసలో ఉండాలి, తర్వాత కొనుక్కున్నాయన మాత్రం ఓనర్ కాలమ్‌లోకే వెళ్ళాలి. అమెరికాలో ఆ విమానానికి ఏటేటా కండిషన్ ఇన్‌స్పెక్షన్ (ఎగరడానికి బాగుందో లేదో తనిఖీ) చేసుకోవడానికి, కట్టినాయన కాబట్టే ఆయనకి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఓనర్ మారినంత మాత్రాన కొత్తాయనకి రాదు, కాబట్టి కట్టింది ఎవరన్నది ఒట్టి గౌరవం కోసం రాసేది కాదు.

ప్రశ్న: కట్టినవాళ్ళు బతికే ఉన్నారు, పేర్లు వేసేయొచ్చా?

జవాబు: రిజిస్టర్‌లో బయటికి కనపడే పేరు వేయొచ్చు, అడ్రస్ మాత్రం రిజిస్టర్‌లో ఉన్నా సరే మీ కేటలాగ్‌లోకి తేవద్దు. విమానం ఏ ఊళ్ళో ఉంటుందో చెప్పడానికి ఎయిర్‌ఫీల్డ్ పేరు చాలు. వద్దని ఎవరైనా రాస్తే పేరు తీసేసి ప్రైవేట్ బిల్డర్ అని పెట్టండి, మిగతా వివరాలన్నీ అలాగే ఉంచండి.