జనరల్ గారికి సన్మాన పత్రం ఎలా రాయాలి?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్. వచ్చే నెల మా తెలుగువాళ్లమంతా కలిసి, మా బ్లాక్‌లోనే ఉండే ఒక మేజర్ జనరల్ గారికి (రిటైరై చాలా ఏళ్లయింది) సన్మానం చేస్తున్నాం. పరిచయం చదవడం, సన్మాన పత్రం రాయడం నా మెడకు చుట్టారు. ఆయన ఇచ్చిన బయోడేటా అర పేజీ, అంతా ఏవీఎస్‌ఎం, వీఎస్‌ఎం లాంటి పొడి అక్షరాలే. పాత సన్మాన పత్రం ఒకటి చూసి "సమరధీర, శత్రుభయంకర" అని మొదలుపెట్టాను. బాగుంటుందా?
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: బాగుండదమ్మా. స్టేజీ మీద ఆయన ఎటు చూడాలో తెలియక నీళ్ల సీసా వైపు చూస్తారు.

ముందు ఆ అక్షరాల సంగతి. వీఎస్‌ఎం అంటే విశిష్ట సేవా మెడల్, దాని మీద అతి విశిష్ట, ఆపైన పరమ విశిష్ట. ఇవి సేవకు ఇచ్చేవి. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. రెండూ వేరు. నేనొకసారి ఒక సభలో తొందరలో విశిష్ట సేవను "వీర చక్ర" అని చదివేశాను. ఆ పెద్దాయన మైకు అందుకుని, నాకు రాని గౌరవం నాకొద్దు బాబూ అన్నారు, చాలా మర్యాదగానే. ఇంకా చెవులు మండుతున్నాయి.

రెండోది, "రిటైర్డ్ మేజర్ జనరల్ ఫలానా" అని రాయకండి. మేజర్ జనరల్ అని, తర్వాత పేరు, ఆ తర్వాత బ్రాకెట్లో రిటైర్డ్ అని రాయాలి. రిటైరయ్యేది మనిషే గానీ ర్యాంకు కాదని సైన్యంలో లెక్క. మన రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వకూడదంటూనే సైనిక, విద్యా సంబంధమైనవాటికి మినహాయింపు ఇచ్చింది. అందుకే పద్మశ్రీని పేరు ముందు తగిలించుకోకూడదు, మేజర్ జనరల్‌ని మాత్రం జీవితాంతం పెట్టుకోవచ్చు. పిలిచేటప్పుడు "జనరల్ గారు" చాలు.

ఇక అసలు విషయం, ఆ అర పేజీలో కనపడనిది. ఆఫీసరుగా చేరినవాళ్లు లెఫ్టినెంట్ నుంచి రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ దాకా సర్వీసును బట్టి వెళ్తారు, కావలసిన పరీక్షలు పాసైతే. అక్కడి నుంచి కల్నల్‌కి, బ్రిగేడియర్‌కి, మేజర్ జనరల్‌కి ప్రతి మెట్టు దగ్గరా సెలక్షన్ బోర్డే, మెట్టు మెట్టుకీ జనం పల్చబడిపోతారు. కల్నల్‌గా ఆగిపోతే మామూలుగా 54కే ఇంటికి, బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58. అంటే మీ పక్కింటాయన మూడు వడపోతలు దాటి వచ్చారన్నమాట. సభలో ఈ ఒక్క సంగతి చెప్పండి, "శత్రుభయంకర" అవసరం ఉండదు.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి: మీ మొదటి యూనిట్ ఏది, కల్నల్‌గా ఏ యూనిట్‌ని కమాండ్ చేశారు? ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) బెటాలియన్ అయితే సుమారు 800 మంది, పేరు పేరునా తెలిసిన జవాన్లు. తర్వాత ఎంత పైకి వెళ్లినా ఎక్కువమంది మనసు అక్కడే ఉంటుంది. డాక్టరో ఇంజనీరో అయ్యుండొచ్చు కూడా, కాబట్టి అడక్కుండా ఏ యుద్ధానికీ పంపించకండి.

ఉదాహరణకి మన తెలుగాయన జనరల్ కె.వి. కృష్ణారావు గారు. "1942లో చేరారు, 1981లో ఆర్మీ చీఫ్ అయ్యారు, 1983లో రిటైరయ్యారు" అని చదివితే జనం ఫోన్లు తీస్తారు. 1971 యుద్ధంలో 8వ మౌంటెన్ డివిజన్‌ని ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మీదికి నడిపించింది ఈయనేనని, రిటైరయ్యాక కూడా ఊరుకోకుండా కల్లోలంగా ఉన్న రోజుల్లో జమ్మూ కశ్మీర్‌కి గవర్నరుగా వెళ్లారని మొదలుపెట్టండి, తలలు లేస్తాయి.

ఆయన బ్లేజర్‌కి మెడల్స్ పెట్టుకుని వస్తే శాలువా కప్పేటప్పుడు జాగ్రత్త, జరీ అంచు పిన్నుకి పట్టుకుంటే ఫొటోల్లో తెగ ఇబ్బంది.

ప్రశ్న: మేజర్ కంటే లెఫ్టినెంట్ చిన్న కదా, మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్ద?

జవాబు: మేజర్ జనరల్‌ని ఇంగ్లండులో ఒకప్పుడు సార్జెంట్ మేజర్ జనరల్ అనేవారు. అంటే అందులో ఉన్నది మేజర్ ర్యాంకు కాదు, లెఫ్టినెంట్ కంటే కిందుండే సార్జెంట్ మేజర్. ఆ సార్జెంట్ కాలక్రమంలో రాలిపోయింది. ఇక లెఫ్టినెంట్ అంటే పైవాడి బదులు నిలబడేవాడని అర్థం, అంటే జనరల్ తర్వాత మనిషే.

ప్రశ్న: రిటైరైన జనరల్‌కి సన్మానమంటే ఇక శాలువాయేనా? పైర్యాంకు ఇవ్వరా?

జవాబు: ఇచ్చారు, ఒక్కరికి. 1949 జనవరి 15న బ్రిటిష్ జనరల్ బుచర్ నుంచి సైన్యం పగ్గాలు అందుకున్న మొదటి భారతీయుడు కరియప్ప గారు. ఆర్మీ డే ఆ తేదీనే చేస్తారు, 2023లో ఢిల్లీ వదిలి మొదటిసారి మన బెంగళూరులోనే పరేడ్ జరిగింది. ఆయన 1953లో రిటైరయ్యారు. మానెక్‌షా గారిని 1973లో, ఇంకా పదవిలో ఉండగానే ఫీల్డ్ మార్షల్ (జనరల్ కంటే పై ర్యాంకు) చేశారు. కరియప్ప గారు మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. రాష్ట్రపతి భవన్లో ఆ ర్యాంకుకి గుర్తైన దండం అందుకునేటప్పటికి ఆయనకి 87 ఏళ్లు. 33 ఏళ్ల ఆలస్యం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. ఫీల్డ్ మార్షల్‌కి రిటైర్మెంట్ ఉండదు కాబట్టి 1993 మేలో ఇదే బెంగళూరులో కన్నుమూసే నాటికి, లెక్క ప్రకారం, ఆయన మళ్లీ సర్వీసులో ఉన్నట్టే.