సంతకం పెట్టే ముందు టెయిల్ సంగతి అడగండి

కిందటిసారి సెలవుకి విశాఖ వెళ్లినప్పుడు, ఆంధ్రా మెడికల్ కాలేజీలో మా జూనియర్ ఒకమ్మాయి ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చింది. అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ (స్పెషాలిటీ శిక్షణ) అయిపోవస్తోంది. ఆస్పత్రుల ఎమర్జెన్సీలకి డాక్టర్లని పెట్టే ఒక గ్రూపులో ఉద్యోగం ఖాయమైంది. కాంట్రాక్టు ప్రింటు తీసి తెచ్చింది. జీతం దగ్గర, షిఫ్టుల దగ్గర పసుపు గీతలు గీసుకుంది. వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంట్లు వేసే దావాలకి పనికొచ్చే మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ పేరా మాత్రం శుభ్రంగా ఉంది. "మాల్‌ప్రాక్టీస్ గ్రూపే కడుతుంది కదక్కా, ఇంక మనకేముంటుంది?" అంది.

చాలా ఉంటుంది. ఆ పేరాలో 'క్లెయిమ్స్ మేడ్' అని రాసి ఉంది. అంటే పాలసీ అమల్లో ఉండగా క్లెయిమ్ వస్తేనే కంపెనీ మన వెనక నిలబడుతుంది. ఇవాళ మీరు చూసిన పేషెంటు, మీరు ఉద్యోగం మారాక దావా వేశారనుకోండి. పాత పాలసీ అప్పటికి లేదు. కొత్త గ్రూపు పాలసీ సాధారణంగా మీరు చేరిన రోజు నుంచే లెక్క. న్యూయార్క్‌లోనైతే రెండున్నరేళ్ల దాకా దావా వేయొచ్చు, పిల్లల కేసుల్లో గడువు ఇంకా ఎక్కువ. ఆ ఖాళీని కప్పేదే టెయిల్ కవరేజి. మామూలుగా ఏడాది ప్రీమియంకి ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటుంది. 'అకరెన్స్' పాలసీ అయితే ఈ బాధ లేదు, ఎప్పుడు కేసు వేసినా పేషెంటుని చూసిన నాటి పాలసీయే చూసుకుంటుంది.

నా మొదటి గ్రూపులో ఫోన్లో "టెయిల్ మేం చూసుకుంటాం" అన్నారు, నమ్మాను. కాంట్రాక్టులో మాత్రం రెండేళ్లలోపు మానేస్తే డాక్టరే కట్టాలని ఉంది. పంతొమ్మిదో నెలలో మానేశాను. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, స్క్రబ్స్ కూడా మార్చుకోకుండా పోస్టు కవరు చింపాను. అందులో బిల్లు, నెల రోజుల గడువు. ఇంటి డౌన్ పేమెంటుకి దాచిన డబ్బంతా దానికే పోయింది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంతగా చెబుతున్నాను.

గ్రూపు కడతానని రాసిచ్చినా, ఆ గ్రూపే లేకపోతే? 2023 జులైలో అమెరికన్ ఫిజీషియన్ పార్టనర్స్ మూతపడినప్పుడు చాలామంది ఎమర్జెన్సీ డాక్టర్లు టెయిల్ లేకుండా మిగిలారు. అందుకే, గ్రూపు మూతపడితే ఎవరు కడతారో కూడా అడగండి.

లిమిట్లు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ గరిష్ఠంగా కట్టే మొత్తం, చాలాచోట్ల ఒక్కో క్లెయిముకి 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 30 లక్షలు. అవి మీకు విడిగానా, గ్రూపంతటికీ కలిపా అన్నది చూడండి. మన పనిలో పేషెంటుని ఎంచుకోలేం. 1986 నాటి ఎమ్టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ చూడాల్సిందే. నలుగురు పంచుకునే లిమిటు ఒక్క పెద్ద కేసుతో కరిగిపోతుంది.

కంపెనీ దావా వేసినవాళ్లతో రాజీ పడాలంటే మీ అంగీకారం కావాలన్న షరతు ఉందో లేదో కూడా చూడండి. మీ తరఫున డబ్బు చెల్లిస్తే అది డాక్టర్ల మీద ఇలాంటి చెల్లింపుల రికార్డు ఉంచే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకుకి ఎక్కుతుంది. ఆ తర్వాత ప్రతి ఆస్పత్రీ ప్రివిలేజెస్ (అక్కడ వైద్యం చేసే అనుమతి) ఇచ్చేముందు అది తీసి చూస్తుంది.

కేజీహెచ్ క్యాజువాలిటీలో రాత్రంతా నిలబడి పనిచేసిన రోజుల్లో ఇవేవీ మనకి ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి మా ఇంట్లోనే కూర్చుని రిక్రూటర్‌కి మెయిల్ రాసింది. నాలుగు రోజులకి జవాబొచ్చింది: గ్రూపే తనని ఉద్యోగంలోంచి తీసేస్తే టెయిల్ ఖర్చు గ్రూపుది, తను మానేస్తే చెరి సగం. ఆ మాట కాంట్రాక్టులోకి ఎక్కించమని మళ్లీ రాసింది. సంతకం ఇంకా పెట్టలేదు.